గుంజకు బూటు

గద్వాలలో ఆ వీధికి మునిసిపాలిటీ వాళ్ళు రేకు మీద ఏదో పేరు రాయించారు గానీ, ఊరందరికీ అది బండ వీధే. పైన జానెడు మట్టి, కింద ఎంత తవ్వినా ఒకటే బండ. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి తప్ప పెళ్ళ లేవదు. ఇలాంటి చోటును ఏరికోరి మగ్గాలవాళ్ళకు ఇళ్ళ జాగాలుగా ఇచ్చిన పెద్దమనిషి ఎవరో ఎవరికీ తెలియదు. వాడికి పడుగంటే ఏమిటో తెలిసి ఉండదని, తెలిసీ ఇచ్చి ఉంటే నరకంలో కూడా వాడికి జాగా దొరకదని కురుమూర్తి పెళ్ళాం రాధమ్మ అంటూ ఉండేది.

పడుగంటే చీరకు నిలువు పోగులు. మగ్గమెక్కే ముందు వాటిని వీధిలో బారుగా సాగదీయాలి. ఈ కొసన ఒక గుంజ, ఆ కొసన ఒక గుంజ, నడుమ ఆనడానికి కత్తెరలా కట్టిన కర్రలు. సాగిన పోగులకు గంజి పట్టించి, పొడవాటి కుంచెలతో ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వుతూ పోవాలి. దువ్వుతుండగానే ఆరాలి. చెయ్యి ఆగిందా, పోగుకు పోగు అతుక్కుని పడుగంతా అట్టకడుతుంది. గుంజ కదిలిందా, పోగులు సడలి చిక్కుపడతాయి. కుంచె పట్టడానికి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఉండాలి. తెగిన పోగులు ముడేయడానికి ఇంకో ఇద్దరు. ఎండ ముదరకముందే అంతా అయిపోవాలి.

వట్టి కట్టె గుంజ ఆ లాగుడుకు నిలవాలంటే మోకాటి లోతు గుంత కావాలి. బండలో అలాంటి గుంతలు వీధి మొత్తానికి రెండే ఉన్నాయి. తూర్పున ఒకటి, పడమట ఒకటి. రెండూ వీధికి పెద్దయిన బుచ్చన్న వాళ్ళ తాత రాళ్ళు కొట్టేవాళ్ళను పెట్టి తొలిపించినవే. పడమటి గుంత సరిగ్గా బుచ్చన్న అరుగు కిందే ఉంది. కాబట్టి పొద్దుకు ఒక్క పడుగే వీధిలో పడేది, అదీ వంతుల మీద. ఎవరి పడుగు పడినా ఇంటికో మనిషి కుంచె పట్టుకుని రావాలి. ఆ కట్టుబాటు బుచ్చన్న తాత పెట్టిందేనని బుచ్చన్న చెప్పేవాడు. తాత పెట్టినా పెట్టకపోయినా, చెప్పడానికి బుచ్చన్న ఉన్నాడు, వినడానికి వీధి ఉంది.

ఎనభై ఆరు వానాకాలంలో ఒకరోజు వంతు బుచ్చన్నదే అయింది. చీకటితోనే పడుగు వీధిలో పడింది. సరిగ్గా అప్పుడే రాధమ్మకు నొప్పులు వచ్చాయి, ఇంకా నెల మిగిలి ఉండగానే. ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్ళాం ఇద్దరే. కురుమూర్తి కుంచె మూలన పడేసి, బండి మాట్లాడి, ఆమెను సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. పోతూ పోతూ పక్కింటి తుకారాంతో బుచ్చన్నకు చెప్పమన్నాడు. తుకారాం చెప్పాడు కూడా.

గంజి పట్టించాక ఉన్నట్టుండి వాన దిగింది. పడమటి గుంజ దగ్గర ముడి విప్పే పని ఎప్పుడూ కురుమూర్తిది. ఆ రోజు అక్కడ మనిషి లేడు. ఎవరో పరుగెత్తుకొచ్చి ముడితో తంటాలు పడేసరికి పడుగంతా తడిసి ముద్దయింది. దవాఖానలో రాధమ్మ కన్న మగబిడ్డ ఏడవనే లేదు. ఆ పొద్దు జరిగిన రెండు నష్టాలకూ వీధి అయ్యో అంది. బుచ్చన్న ఒక్కదానికే అన్నాడు.

కురుమూర్తి వంతు వచ్చిన పొద్దున బుచ్చన్న పడమటి గుంత మీద రాతి పలక మూసి, దాని మీద పీట వేసుకుని, చుట్ట ముట్టించి కూర్చున్నాడు. కురుమూర్తి గుంజ భుజాన వేసుకుని వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"మామా, ఇయ్యాల మా వంతు."

"ఇంటికో మనిషి వస్తే వంతు. మనిషి రాని ఇంటికి వంతేంది?"

"నా పెండ్లాం దవాఖానల ఉండె మామా. నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వదు? నా పడుగు వానల ఉండె. గది నీకు తెల్వదా?"

కుంచెలు పట్టుకుని వచ్చిన వాళ్ళందరూ చుట్టూ నిలబడే ఉన్నారు. ఒక్క నోరూ లేవలేదు. తుకారాం తన కాలి గోళ్ళు చూసుకున్నాడు. అతని పెళ్ళాం అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకా పచ్చి ఒళ్ళుతో గడపలో కూర్చున్న రాధమ్మ ఇదంతా చూసింది. ఆమెకు బుచ్చన్న మీద కంటే ఆ మూసిన నోళ్ళ మీద ఎక్కువ మండింది. బుచ్చన్న దుర్మార్గుడని ఆమెకు ముందే తెలుసు. వీళ్ళు మంచివాళ్ళని ఇన్నాళ్ళూ అనుకుంది.

నూలు, పట్టు, జరీ అన్నీ చీరలు నేయించుకునే సేటువి. వేళకు చీరలు అందకపోతే సేటు నూలు వెనక్కి తీసుకుంటాడు. నూలు పోయాక ఇంట్లో మిగిలేది వట్టి మగ్గం ఒక్కటే. మగ్గం ఆగిన ఇంటికి మరో దారి లేదు. కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కి, దేశం కాని దేశంలో కాలువ కట్టల మీద మట్టి మోయాలి. అలా పోయిన రెండు ఇళ్ళు ఆ వీధిలోనే తాళాలు పడి ఉన్నాయి. ఆ తాళాలకు తుప్పు పట్టింది. రాధమ్మ నీళ్ళకు పోయినప్పుడల్లా వాటి వైపు చూడకుండా నడిచేది.

కురుమూర్తి తన తిప్పలు తాను పడ్డాడు. గుంజను బండి చక్రానికి కట్టి చూశాడు, బండే కదిలి వచ్చింది. చుట్టూ రాళ్ళు పేర్చి చూశాడు, లాగేసరికి రాళ్ళూ గుంజా కలిసి బోర్లా పడ్డాయి. చివరికి ఇంటి వాసానికి కడితే వాసం ఊగి పెంకులు రాలాయి. వీధి నవ్వింది. అరుగు మీది నుంచి బుచ్చన్న దగ్గు వినిపించింది. అది దగ్గో నవ్వో చెప్పడం కష్టం, రాధమ్మ మాత్రం నవ్వనే లెక్క వేసుకుంది.

ఇస్మాయిల్ సంగతి తెచ్చింది ఆమే. బస్టాండు దగ్గర ఇస్మాయిల్‌కు షామియానాల దుకాణం ఉంది, పక్కనే వెల్డింగు పని కూడా చేసేవాడు. పెళ్ళిళ్ళకూ ఉర్సులకూ ఊరూరా షామియానాలు వేసేవాడు. గట్టు వైపు రాతి నేలల్లో అతని మేకులు దిగక వంగిపోయేవి. ఒకసారి గాలికి షామియానా లేచి పెళ్ళికొడుకు మీదే పడింది. ఆ పెళ్ళివాళ్ళు పెట్టిన తిట్లు అరగక, ఇస్మాయిల్ తన కోసం తాను ఒక ఇనుప సామాను చేసుకున్నాడు. దాన్నొకసారి పెళ్ళి పందిట్లో చూసి వచ్చిన రాధమ్మకు నిద్రలోనూ అదే గుర్తొస్తూ ఉంది.

"ఇగో, దీన్ని బూటు అంట" అన్నాడు ఇస్మాయిల్, కురుమూర్తి చేతిలో పెడుతూ. "గుంజకు తొడిగేది. గుంజ కాలు బండ మీద జారకుండ."

అది మూరెడు ఇనుప గొట్టం. కింది కొస నాలుగు చీలికలుగా కోసి ఉంది. బండలో జానెడు లోతు బెజ్జం కొట్టి, గొట్టం అందులో దించి, లోపల ఒక ఇనుప చీల వేసి పొడుగు సలాకతో దంచాలి. చీల దిగేకొద్దీ కింద నాలుగు చీలికలూ విచ్చుకుని బండను లోపలి నుంచే కరుచుకుంటాయి. పైన మిగిలిన గొట్టంలో గుంజ నిలబెట్టుకోవచ్చు.

"షామియానాకు సరే అన్నా" అన్నాడు కురుమూర్తి. "పడుగు గుంజుడు మామూలు గుంజుడు కాదు. ఆగుతదా?"

"ఆగకపోతే నా షామియానా దుకాణం నీదే. రేపు వస్త, నీ వాకిట్ల కొట్టి చూపిస్త."

మర్నాడు ఇస్మాయిల్ వచ్చి కురుమూర్తి వాకిలి ముందు ఒక బెజ్జం, అదే వరసలో దూరంగా ఇంకో బెజ్జం కొట్టాడు. ఉలి దెబ్బలకు వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చి చూసింది. బూట్లు దిగాక ఇద్దరు మగవాళ్ళు గుంజను తాడేసి లాగారు. తాడు తెగింది. గుంజ తెగిన తాడు ముక్కతో అక్కడే నిలబడి ఉంది. రాధమ్మ గడపలోంచి లేచి వచ్చి, గుంజను చేత్తో పట్టుకుని, బుచ్చన్న అరుగు వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. బుచ్చన్న చుట్ట ఆరిపోయింది.

ఆ పొద్దు పోయి మరుసటి పొద్దున పడుగు పడింది. మొదటి కుంచె అలివేలమ్మదే.

"వదినే, జర ఆ కొస నాకియ్యి" అంది, ఏమీ జరగనట్టు.

తర్వాత తుకారాం వచ్చాడు, తర్వాత మిగతా ఇళ్ళ వాళ్ళూ వచ్చారు. బుచ్చన్న ఇంటి మనిషి తప్ప వీధంతా దిగింది. పడుగు ఆరి, విడివిడి పోగులతో తళతళలాడింది. కురుమూర్తికి కళ్ళనీళ్ళు వచ్చాయి. రాధమ్మకు రాలేదు. గుంజ నిలబడ్డాక వచ్చిన చేతులివి, పడిపోయిన రోజున ఒక్కటీ లేవలేదని ఆమె పళ్ళు బిగబట్టి కుంచె లాగింది.

సంతోషం అంటురోగం కదా, ఏడాది తిరిగేసరికి వీధిలో ప్రతి వాకిలి ముందూ బూట్లు దిగాయి. ఇస్మాయిల్‌కు షామియానాల కంటే ఇదే పనైపోయింది. ఇక ఎవరి వంతు కోసం ఎవరూ ఆగనక్కర్లేదు. ఎవరి అరుగు ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. బుచ్చన్న తాత తొలిపించిన గుంతల్లో పోనుపోను చెత్త పడింది, వానకు నీళ్ళు నిలిచాయి, పిల్లలు వాటిలో కాగితం పడవలు వదిలారు. రాధమ్మ కావాలని ఆ దారినే నీళ్ళకు పోయేది.

బుచ్చన్న ఒక్కడే బూటు పెట్టించుకోలేదు.

"బూట్లు వాకిట్ల ఇడుస్తరు. పడుగు తీస్కపోయి బూటుకు కడ్తరా?" అన్నాడట. వీధి ఆ మాటను కొన్నాళ్ళు చెప్పుకుని నవ్వింది. తర్వాత ఆ మాటనూ మరిచిపోయింది, అన్నవాణ్ణీ మరిచిపోయింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. అది వీధిలో ఎవరికీ వెంటనే తట్టలేదు. గుంతలు రెండే ఉన్నప్పుడు పొద్దుకు ఒకటే పడుగు, మిగతా ఇళ్ళ చేతులన్నీ ఖాళీ. ఇప్పుడు వాకిలికో బూటు. మంచి పొద్దు పొడిస్తే చాలు, అందరి పడుగులూ ఒక్కసారే బయటికి వస్తాయి. ఇక ఎవరి చేతులు ఎవరికి ఖాళీ? ఇంట్లో ఉన్న చేతులతోనే సరిపెట్టుకోవాలి. కొడుకులూ కోడళ్ళూ ఉన్న ఇళ్ళు బాగానే నెట్టుకొచ్చాయి. లేనివాళ్ళు పొట్టి పడుగులు వేసుకున్నారు. ఇంటికో మనిషి అనే కట్టుబాటును ఎవరూ తీసేయలేదు. అది మెల్లగా జారిపోయింది.

అలివేలమ్మ ఒకసారి అడిగింది కూడా. "వదినే, ఎల్లుండి మాది ఏస్తున్నం, జర వస్తవా?"

"ఎల్లుండి మాది గుడ ఉన్నది" అంది రాధమ్మ. "నీకు బూటున్నది, నాకు బూటున్నది. ఇగ ఒకల పంచన ఒకలం నిలబడుడెందుకు?"

ఆ మాట అన్నప్పుడు ఆమెకు హాయిగా ఉండింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉండింది. ఆ రోజు గోళ్ళు చూసుకున్నవాడి పెళ్ళానికి ఇంతకంటే మంచి జవాబు ఆమె ఎన్నడూ చెప్పి ఉండలేదు. అలివేలమ్మ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ అడగలేదు.

తొంభై ఒకటిలో కురుమూర్తికి దగ్గు పట్టుకుంది. మొదట నూలు దుమ్మన్నారు, తర్వాత దవాఖానలో టీబీ అన్నారు. మగ్గంలో కూర్చుంటే రెండు వేళ్ళ మేర నేసేసరికి ఆయాసం. ఒప్పుకున్న చీరలు వెనకబడ్డాయి. సేటు గుమాస్తా వచ్చి ఒకసారి మెత్తగా, ఇంకోసారి గట్టిగా చెప్పిపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు కురుమూర్తిని చూడకుండా రాధమ్మతోనే మాట్లాడాడు.

"ఈ ఒక్క పడుగు చూస్త అన్నడమ్మా సేటు. ఇది మగ్గమెక్కితే సరి. ఎక్కకపోతే నూలియ్యుడు బంద్. నన్ను తిట్టకున్రి, నేను చెప్పెటోణ్ణే."

ఆ పడుగు కోసం ఆమె వారం పాటు ఆకాశం చూసింది. ఎక్కడో తుపానట, గద్వాలలో ముసురు పట్టింది. రోజూ గోడలకు చెమ్మ, రోజూ కురుమూర్తి దగ్గు. చివరికి ఒక పొద్దున ఆకాశం కడిగినట్టు తేటగా తెల్లవారింది. రాధమ్మ చీకట్లోనే గంజి కాచింది. కురుమూర్తి గోడ పట్టుకుని లేచాడు.

"నువ్వు పండుకో" అంది.

"ఒక్కదానివి ఎట్ల జేస్తవే? నేనొక కొస పడ్త. కుంచె నాకేం బరువా?"

ఇద్దరూ పడుగు బయటికి తెచ్చారు. బూటులో గుంజ దించారు, కట్టి లాగారు. గుంజ బండలో బండలా నిలబడింది. గంజి పట్టించడం దాకా బాగానే సాగింది. గంజి తడి పడ్డాక ఇక వెనక్కి తీసే దారి లేదు. కురుమూర్తి కుంచె పట్టుకుని ఆ కొస దాకా పోయాడు. తిరిగి వస్తూ సగంలో కర్ర పట్టుకుని వంగిపోయాడు. దగ్గు తెర ఆగలేదు. నోరు తుడుచుకున్న చెయ్యి ఎర్రగా ఉంది. రాధమ్మ అతణ్ణి చంకలో చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయి చాప మీద పడుకోబెట్టింది. బయటికి వచ్చేసరికి పడుగు మీద ఎండ పడుతోంది.

ఆమె ఒక్కతే కుంచె పట్టింది. ఈ కొసన దువ్వుతుంటే ఆ కొసన ఆరుతోంది. ఆ కొసకు పరుగెత్తితే ఈ కొస బిగుసుకుంటోంది. కుంచె అక్కడే పడేసి అలివేలమ్మ వాకిటికి పరుగెత్తింది.

అలివేలమ్మ పడుగు కూడా బయటే ఉంది, గంజి తడితో. మొగుడూ పెళ్ళాం చెరో పక్క దువ్వుతున్నారు, కొడుకు పోగులు ముడేస్తున్నాడు.

"వదినే, ఆయనకు బాగలేదు. నెత్తురు పడ్డది. జర ఒక్క చెయ్యి..."

అలివేలమ్మ కుంచె ఆపలేదు, కళ్ళు మాత్రం నీళ్ళతో నిండాయి. "ఎట్ల వదినే? ఇడిస్తే మాది పోతది. పచ్చిగున్నది, చూస్తున్నవు గదా. గడియసేపు ఆగు, మాది ఆరంగనే ఉరికొస్త."

గడియసేపు ఆగితే ఇక రావలసిన పనే లేదని ఇద్దరికీ తెలుసు. అది కసి తీర్చుకోవడమే అయి ఉంటే రాధమ్మకు కాస్త నయంగా ఉండేది, నాలుగు తిట్టి వచ్చేది. అది కసి కాదు. ముసురు విడిచిన మొదటి పొద్దు కాబట్టి వీధి పొడుగునా ప్రతి వాకిట్లో పడుగు పడి ఉంది. ప్రతి గుంజ బూటు తొడుక్కుని నిటారుగా నిలబడి ఉంది. ప్రతి చేతిలో కుంచె ఉంది. ఆమె వాకిలి వాకిలికీ పోయింది. ఎవరూ కసురుకోలేదు. అందరూ అయ్యో అన్నారు, దువ్వుతూనే అన్నారు.

తాళం లేని ఇళ్ళలో ఖాళీ వాకిలి ఒక్కటే కనిపించింది. బుచ్చన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో చుట్ట కూడా లేదు. అయిదేళ్ళుగా ఆమె ఆ మనిషితో మాట్లాడలేదు. చచ్చినా మాట్లాడకూడదని చచ్చిన బిడ్డ మీద ఒట్టు పెట్టుకుంది. పడుగు వైపు తిరిగి చూసింది, పోగులు గట్టిపడుతున్నాయి. ఒట్టును అక్కడే తొక్కేసి అరుగు దగ్గరికి నడిచింది.

"మామా."

"ఎవలు?"

వెటకారం చేస్తున్నాడనుకుంది. గొంతు దాకా వచ్చిన తిట్టు మింగి, "నేను, కురుమూర్తి పెండ్లాన్ని" అంది. "ఆయన పడిపోయిండు. పడుగు ఆరుతున్నది. ఇంటికో మనిషి అని నువ్వే అంటుంటివి. రా మామా. కాళ్ళు మొక్కుత, రా."

బుచ్చన్న తల ఆమె వైపు తిరిగింది గానీ, చూపు ఆమె భుజం పక్కనుంచి ఎటో పోయింది.

"వస్త బిడ్డా. చెయ్యి వట్టుకోని తీస్కపో. నాకు ఆనది."

అప్పుడు చూసింది ఆమె అతని కళ్ళు. రెండు కంటిపాపల మీదా తెల్లటి పొర కమ్ముకుని ఉంది.

"ఎన్నొద్దులాయె మామా?"

"మోతిబిందు. రెండేండ్లాయె మగ్గం దిగి. ఒక్కలు రాలే, ఒక్కలు అడగలే. పడుగేస్తలేడు ఎందుకని గుడ ఎవలకు రాలే." అతని గొంతులో పాత బుచ్చన్న ఒక్కసారి తొంగిచూశాడు. "పోనీ తీయి. ఏ దిక్కు? నడువు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని వీధి పొడుగునా నడిపించుకు వచ్చింది. దువ్వుతున్న వాళ్ళు దువ్వుతూనే తలలెత్తి చూశారు. కుంచె చేతికి ఇవ్వగానే బుచ్చన్న మారిపోయాడు. ఎడమ అరచేయి పడుగు మీద ఆనించి, పోగుల మీదుగా జరుపుతూ, కుడిచేత్తో కుంచె లాగాడు. లాగుడులో ఎక్కడా తడబాటు లేదు. రాధమ్మ ఎదుటి పక్క పట్టింది. ఒక పోతా, ఒక రాకా బాగానే నడిచింది. ఆమెకు ఆశ పుట్టింది. ఆ ఆశే ఆమెను తర్వాత ఎక్కువ కాల్చింది.

"పోగు తెగింది" అన్నాడు బుచ్చన్న. "ఇక్కడ. చూడు."

ఆమె కుంచె వదిలి ముడేసింది. ముడేసేలోగా ఆమె పక్క ఆరింది. మళ్ళీ కుంచె పట్టేలోగా ఇంకో రెండు తెగాయి. అతని వేళ్ళు తెగిన చోటు చెప్పగలవు, ముడేయడానికి కొసలు వెతకలేవు. ఉన్నవి నాలుగు చేతులు, కావలసినవి పన్నెండు. ఎండ మాత్రం తన పని తాను ఆపకుండా చేసుకుపోయింది. నడిమి భాగం మొదట బిగుసుకుంది, తర్వాత పడమటి కొస. రాధమ్మ తడి గుడ్డ అద్దింది, పోగులు విడిపోవడానికి బదులు ముద్దకట్టాయి. గోటితో విడదీయబోతే పుట్టుక్కున తెగాయి.

బుచ్చన్న అరచేయి పడుగు మీద ఆగింది. అటూ ఇటూ తడిమాడు. గంజి అట్టకట్టిన పోగులు అతని చేతి కింద కరకరమన్నాయి.

"అయిపాయె బిడ్డా" అన్నాడు.

"ఇంక జరసేపు చూద్దాం మామా."

"చూసుడేంది? చెయ్యి చెప్తున్నది గదా. అయిపాయె."

అతను కుంచెను రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు. ఆ బిడ్డ సంగతి, ఆ పీట సంగతి, ఏదైనా ఒక్క మాట అంటాడేమోనని రాధమ్మ చూసింది. అనలేదు. అన్నా ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. అయిదేళ్ళు కడుపులో పెట్టుకుని సాకిన కోపం, తీరా తీయబోతే ఈ గుడ్డి ముసలాడి మీద వేయడానికి చేతులు రాలేదు. వేరే ఎవరి మీద వేయాలో తెలియలేదు. ఆమె అతణ్ణి మళ్ళీ చెయ్యి పట్టుకుని అరుగు దాకా దించి వచ్చింది.

కొడవలి తెచ్చి రెండు కొసలా పడుగు కోసింది. నూలూ పట్టూ కలిసిన ఆ పడుగు కట్టెలమోపులా నేల మీద పడింది. అలివేలమ్మ తన పడుగు ఆరగానే, అన్నట్టే, చేతులు కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. వచ్చి, చూసి, రాధమ్మ పక్కన నిలబడింది. రాధమ్మ ఆమెను పొమ్మనలేదు, ఉండమనలేదు. లోపలికి పోయింది.

కురుమూర్తి చాప మీద కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. కుంచె చప్పుడు ఎప్పుడు ఆగిందో అతనికి తెలుసు. ముప్పై ఏళ్ళు ఆ చప్పుడులో బతికిన మనిషికి మళ్ళీ చెప్పాల్సిన పని లేదు.

"ఎవలొచ్చిండ్రు?" అని అడిగాడు.

"బుచ్చన్న మామ."

"గుంజ గిట్ల కదిలెనా?"

"గుంజకేం? మంచిగనే నిలబడ్డది" అంది రాధమ్మ. ఆ మాటతో ఆమెకు ఇంతసేపూ రాని ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే మొహం కొంగుతో తుడుచుకుంది, తుడుచుకుంటూనే లెక్క వేసుకుంది. సేటు గుమాస్తా రేపో ఎల్లుండో వస్తాడు. వాడు వచ్చేలోగా ఏదో ఒకటి చూసుకోవాలి.

"మేస్త్రిని అడుగుత" అంది. "నువ్వు ఇంటికాడ మందులు మింగుకుంట ఉండు. నేనొక్కదాన్నన్న లారీ ఎక్కుత. మట్టి మోసుడు నాకు రాదా?"

కురుమూర్తి గోడ వైపు తిరిగాడు.

"తీస్కపోడే" అన్నాడు. "తవ్వేటోడొకడు, మోసేటోళ్ళొకలు. జోడీ లేనిది మేస్త్రి ఎవ్వల్నీ లారీ ఎక్కియ్యడు."